‘ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకేసింది’ అన్నాక: ప్రాణాపాయాన్ని ఎలా అంచనా వేస్తారు, అందులో ఏది కారణం, ఏది గుర్తు

విశాఖలోని ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లో అయినా, అక్కడి ఏ ప్రైవేటు ఆసుపత్రిలో అయినా ఐసీయూ బయట బెంచీల మీద కూర్చున్నవాళ్లకు వినపడే మాటలు ఇంచుమించు ఒకటే. “ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకేసింది. కౌంట్ బాగా పెరిగింది. మందుల మీదే బీపీ నిలబడుతోంది. 48 గంటలు గడిస్తే గానీ ఏమీ చెప్పలేం.” డాక్టరు లోపలికి వెళ్లగానే అందరి చేతుల్లోకీ ఫోన్లు వస్తాయి. వెతికితే ఒక పొడవాటి జాబితా కనపడుతుంది: వయసు, షుగర్, కిడ్నీ జబ్బు, లాక్టేట్, ఆల్బుమిన్, వెంటిలేటర్, యూరిన్ పైపు, మందుకు లొంగని బ్యాక్టీరియా. ఇవన్నీ ‘మరణానికి రిస్క్ ఫ్యాక్టర్లు’ అని రాసి ఉంటుంది. చదివాక టెన్షన్ పెరుగుతుందే తప్ప ఏమీ తేలదు.

కిందటి అక్టోబరులో మా పెద్దమ్మ కోసం నేను అలా పదకొండు రోజులు కూర్చున్నాను. ఆ జాబితా ఎందుకంత అయోమయపెడుతుందో అప్పుడే మెల్లగా అర్థమైంది. అందులో మూడు రకాల సంగతులు కలగాపులగంగా ఉంటాయి. కొన్ని జబ్బు రాకముందే ఉన్నవి. కొన్ని జబ్బు ఎంత లోతుకు దిగిందో చూపించేవి. కొన్ని ఆసుపత్రి మెట్లెక్కాక జరిగేవి. వీటిని విడదీసి చూస్తేనే ఆ జాబితా చదివినవాళ్లకు పనికొస్తుంది.

రక్తంలో బ్యాక్టీరియా వేరు, సెప్సిస్ వేరు

మన ఇళ్లలో పుండు చీము పట్టినా ‘సెప్టిక్ అయింది’ అనేస్తాం. వైద్యంలో ఆ మాటకు అర్థం వేరు. రక్తాన్ని సీసాలో పోసి కల్చర్‌కు పెడితే బ్యాక్టీరియా పెరిగిందనుకోండి, దాన్ని బాక్టీరీమియా అంటారు. అంటే రక్తంలో బ్యాక్టీరియా ఉందని, అంతే. సెప్సిస్ అంటే ఆ ఇన్ఫెక్షన్‌తో పోరాడబోయి శరీరం అదుపు తప్పి, తన సొంత అవయవాలనే దెబ్బతీసుకోవడం. 2016లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఖరారు చేసిన నిర్వచనం సారాంశం ఇదే. రక్తంలో బ్యాక్టీరియా దొరకకుండానే సెప్సిస్ ఉండొచ్చు. బ్యాక్టీరియా దొరికినా సెప్సిస్ లేకపోవచ్చు.

మూడో మెట్టు సెప్టిక్ షాక్. సరిపడా సెలైన్ ఎక్కించాక కూడా బీపీ నిలబెట్టడానికి నోరడ్రినలిన్ లాంటి మందు అవసరమై, రక్తంలో లాక్టేట్ అనే పదార్థం లీటరుకు 2 మిల్లీమోల్‌లు దాటి ఉంటే ఆ పేరు పెడతారు. ఈ నిర్వచనం చేసినప్పుడు చూసిన లెక్కల్లో, షాక్‌లోకి వెళ్లిన ప్రతి 100 మందిలో 40 మందికి పైగా ఆసుపత్రిలోనే చనిపోయారు.

దీని విస్తృతి మనం ఊహించేదానికన్నా చాలా ఎక్కువ. 2017 సంవత్సరానికి వేసిన ప్రపంచ అంచనా ప్రకారం 4.89 కోట్ల మందికి సెప్సిస్ వచ్చింది. 1.1 కోట్ల మంది చనిపోయారు. ఆ ఏడాది ప్రపంచంలోని మొత్తం మరణాల్లో ఇది దాదాపు అయిదో వంతు. అయినా మరణ ధ్రువపత్రంలో చాలాసార్లు న్యుమోనియా అనో, కిడ్నీ ఫెయిల్యూర్ అనో రాసి ఉంటుంది. అందుకే ఈ పేరు ఇళ్లలో పెద్దగా వినపడదు.

మార్కులు ఎలా వేస్తారు: ఇద్దరు పేషెంట్లు

అవయవాలు ఎంత దెబ్బతిన్నాయో కొలవడానికి సోఫా (SOFA) అనే మార్కుల పద్ధతి ఉంది. ఊపిరితిత్తులు, ప్లేట్‌లెట్లు, లివర్, బీపీ, స్పృహ, కిడ్నీలు: ఈ ఆరింటికీ 0 నుంచి 4 దాకా మార్కులు వేస్తారు. మొత్తం 24. ఇక్కడ మార్కులు ఎక్కువైతే పరిస్థితి విషమించినట్టు. ఇన్ఫెక్షన్ ఉన్న మనిషికి మామూలుగా ఉండే స్కోరు కన్నా 2 గానీ ఆపైన గానీ పెరిగితే సెప్సిస్ అంటారు. అలాంటివాళ్లలో ఆసుపత్రి మరణాలు 100కి 10 చొప్పున ఉంటాయని 2016 నిర్వచనం చెబుతుంది.

ఉదాహరణకు ఇద్దరిని ఊహించుకుందాం. ఒకరు ఫిషింగ్ హార్బర్‌లో పనిచేసే 45 ఏళ్లాయన. మూత్రంలో ఇన్ఫెక్షన్, 104 జ్వరం, వణుకు. బీపీ 124/80. మాట స్పష్టంగా ఉంది, రక్త పరీక్షలు బాగున్నాయి. రెండో ఆవిడ మధురవాడ నుంచి వచ్చిన 72 ఏళ్ల పెద్దావిడ. జ్వరం లేదు, ఒళ్లు చల్లగా ఉంది, పిలిస్తే కళ్లు తెరిచి తికమకగా జవాబిస్తోంది. బీపీ 88/52, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 2.4, ప్లేట్‌లెట్లు 85 వేలు. ఆక్సిజన్, లివర్ సంగతి చెప్పే బిలిరుబిన్ బాగానే ఉన్నాయి.

బయటినుంచి చూస్తే వణికిపోతున్న మొదటాయనే ప్రమాదంలో ఉన్నట్టు కనపడతాడు. ఆయన స్కోరు సున్నా. పెద్దావిడకు తికమకకు 1, క్రియాటినిన్‌కు 2, ప్లేట్‌లెట్లకు 2, బీపీకి 1 (కింది అంకెకు ఎక్కువ ప్రాధాన్యమిచ్చి లెక్కించే సగటు బీపీ ఆవిడకు 64, అది 70 కన్నా తగ్గితే 1 వేస్తారు). మొత్తం 6. బెడ్ ఒకటే ఖాళీగా ఉంటే డాక్టర్లు ఎవరికి ఇస్తారో వేరే చెప్పక్కర్లేదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆ పెద్దావిడకు ఏళ్ల తరబడి క్రియాటినిన్ 2.2 ఉందనుకోండి. అప్పుడు కిడ్నీకి వేసిన 2 మార్కులు కొత్త దెబ్బకు చెందినవి కావు, తీసేయాలి. “పాత రిపోర్టులు ఉన్నాయా?” అని క్యాజువాలిటీలో పదేపదే అడిగేది ఇందుకే. దుమ్ముపట్టిన ఆ ప్లాస్టిక్ కవరు ఇంట్లో మరిచిపోయి వస్తే, కొత్తదేదో పాతదేదో తేల్చడానికి అక్కడ ఆధారమే ఉండదు.

జ్వరం తగ్గితే గండం గడిచినట్టేనా

మా పక్క బెంచీ మీద కంచరపాలెం నుంచి వచ్చిన ఒక పెద్దాయన, తన తమ్ముడి గురించి మూడు రోజులూ అదే మాట అన్నాడు: “జొరం తగ్గిపోనాది కదా, ఇంకేటి?” ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్నే. జ్వరంతోనే మనం జబ్బును కొలుస్తాం మరి.

సెప్సిస్ పేషెంట్ల మీద జరిగిన చాలా పరిశీలనల్లో తేలింది దీనికి ఎదురుగా ఉంది. జ్వరం ఉన్నవాళ్లకన్నా ఒళ్లు చల్లబడినవాళ్లలో, అంటే 36 డిగ్రీల సెల్సియస్ కన్నా తగ్గినవాళ్లలో మరణాలు ఎక్కువ. జ్వరం రావడమంటే శరీరానికి ఇంకా ఎదురు తిరిగే శక్తి ఉందని కొందరు నిపుణులు వివరిస్తారు. ముసలివాళ్లలో, బాగా నీరసించినవాళ్లలో ఆ శక్తే తగ్గిపోయి ఉంటుంది. అలాగని చల్లబడటమే వాళ్లను చంపేస్తోందని అనలేం. అది లోపల జరుగుతున్నదానికి గుర్తు. ఒళ్లు వేడి చేసినంత మాత్రాన లెక్క మారదు.

లాక్టేట్ కూడా ఇలాంటి గుర్తే. కణాలకు రక్తం సరిగా అందనప్పుడు, శరీరం మీద ఒత్తిడి బాగా ఉన్నప్పుడు అది పెరుగుతుంది. అన్నిచోట్లా ఆ పరీక్ష గంటగంటకూ చేయడం కుదరదు. ఒకరోజు విజిటింగ్ టైములో నేను చూసింది చెబుతాను. ఒక సిస్టర్ పెద్దమ్మ చూపుడువేలి కొసను గట్టిగా నొక్కి పట్టుకుని, పెదాలు కదుపుతూ పది దాకా లెక్కపెట్టింది. వేలు తెల్లబడింది. వదిలాక గోడ గడియారం చూస్తూ మళ్లీ లెక్కపెట్టింది: ఒకటి, రెండు, మూడు, నాలుగు. అయిదోదానికి గులాబీ రంగు తిరిగొచ్చింది. మూడు సెకన్లలోపు రావాలట. ఆ వేలి కొసకు రక్తం ఆలస్యంగా అందుతోందన్నమాట.

ఇంత మామూలు పరీక్షను లాటిన్ అమెరికాలోని అయిదు దేశాల్లో 424 మంది షాక్ పేషెంట్ల మీద లాక్టేట్‌తో పోటీకి పెట్టారు. ఫలితాలు 2019లో వచ్చాయి. వేలి పరీక్షను బట్టి వైద్యం నడిపినవాళ్లలో 28 రోజుల్లో 34.9 శాతం, లాక్టేట్‌ను బట్టి నడిపినవాళ్లలో 43.4 శాతం చనిపోయారు. ఆ తేడా యాదృచ్ఛికం కాదని గణితపరంగా గట్టిగా తేలలేదు. కాబట్టి వేలి పరీక్షే మేలు అనడానికి లేదు. ఖరీదైన పరీక్షకన్నా తీసిపోయిందనడానికీ లేదు.

వయసు, షుగర్: రావడం వేరు, పోవడం వేరు

వయసు పెరిగేకొద్దీ మరణాలు పెరుగుతాయన్నది దాదాపు ప్రతి అధ్యయనంలోనూ కనపడుతుంది. లివర్ సిర్రోసిస్, క్యాన్సర్, తెల్లరక్తకణాలు బాగా పడిపోవడం కూడా అలాంటివే. వీటి మీద పెద్ద వివాదం లేదు.

షుగర్ దగ్గరే తికమక. షుగర్ ఉన్నవాళ్లకు కాలి పుండ్లు, మూత్రంలో ఇన్ఫెక్షన్లు, న్యుమోనియా ఎక్కువగా వస్తాయి. వానాకాలంలో మట్టి, నీళ్ల ద్వారా సోకే మెలియాయిడోసిస్ అనే బ్యాక్టీరియా జబ్బులో అయితే షుగరే అన్నిటికన్నా పెద్ద ముప్పు. కానీ ఒకసారి సెప్సిస్ వచ్చాక, షుగర్ ఉన్నవాళ్లు లేనివాళ్లకన్నా ఎక్కువగా చనిపోతారా అంటే, చాలా అధ్యయనాలను కలిపి చూసినప్పుడు అంత స్పష్టమైన తేడా కనపడలేదు. ‘జబ్బు రావడానికి రిస్క్’, ‘వచ్చాక చనిపోవడానికి రిస్క్’ రెండూ వేరు ప్రశ్నలు. వార్తల్లో ఈ రెండింటినీ ఒకే గాటన కట్టేస్తారు. దాంతో షుగర్ ఉన్న పేషెంటు మంచం పక్కన ఇంట్లోవాళ్లు ముందే ఆశ వదిలేసుకోవడం నేను కళ్లారా చూశాను. ఆ లెక్కలు అంత నిరాశ చెప్పడం లేదు.

ఎక్కడ మొదలైంది, ఏ బ్యాక్టీరియా, ఏ మందు

ఒకే స్కోరు ఉన్న ఇద్దరిలో కూడా ఇన్ఫెక్షన్ పుట్టిన చోటును బట్టి అంచనా మారుతుంది. మూత్రంలో మొదలైనవాటికన్నా ఊపిరితిత్తుల్లో, పొట్టలో మొదలైనవి సాధారణంగా ఎక్కువ ప్రమాదకరం. పేగుకు రంధ్రం పడినా, చీము గడ్డ కట్టినా, రాయి అడ్డుపడి కిడ్నీలో చీము నిలిచినా, దాన్ని బయటకు తీయకుండా ఎంత పెద్ద యాంటీబయోటిక్ ఇచ్చినా ఫలితం అంతంతమాత్రం. దీన్ని మూలాన్ని అదుపు చేయడం అంటారు. ఆపరేషన్ థియేటర్ ఎంత త్వరగా దొరికిందన్నది ఇక్కడ పెద్ద ప్రశ్న.

తర్వాతిది మందు సరైనదా కాదా. మా పెద్దమ్మ విషయంలో తేడా వచ్చింది ఇక్కడే. ఆవిడ మాడుగుల వైపు మా ఊళ్లో జీడితోటలో పది రోజులు తిరిగి వచ్చింది. వారానికి జ్వరం మొదలైంది. ఒక చిన్న క్లినిక్‌లో నాలుగు రోజులు సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయోటిక్ ఇంజెక్షన్లు ఇచ్చారు. తగ్గలేదు. ఆయాసం మొదలయ్యాక ఆసుపత్రిలో చేర్చాం. చేరిన రాత్రి ఒళ్లు తుడుస్తున్న ఆయమ్మ మోకాలి వెనక మడతలో చిన్న నల్లటి పొక్కు చూసి డాక్టరును పిలిచింది. చుట్టూ ఎర్రటి అంచు, సిగరెట్ చుర్రుమనిపించినట్టు. అది స్క్రబ్ టైఫస్.

నల్లి జాతి పురుగు (మంచం నల్లి కాదు, మైట్) పిల్ల కుడితే వచ్చే ఈ జబ్బు కూడా బ్యాక్టీరియాదే. కానీ అది కణాల లోపల దాక్కుంటుంది. సెఫ్ట్రియాక్సోన్ లాంటి మందులు దానికి పనిచేయవు. డాక్సీసైక్లిన్ గానీ అజిత్రోమైసిన్ గానీ కావాలి. జబ్బు ముదిరినవాళ్లకు ఈ రెండూ కలిపి ఇవ్వడం మేలని మన దేశంలో జరిగిన అధ్యయనం 2023లో చూపించింది. అయితే ఆ మేలు ప్రధానంగా సమస్యలు తగ్గడంలో కనపడింది, మరణాల్లో పెద్ద తేడా తేలలేదు. మా పెద్దమ్మకు నాలుగు రోజులు ఇంజెక్షన్లు పడినా, ఆ జబ్బు లెక్కలో వైద్యం మొదలే కాలేదు. అధ్యయనాల్లో ‘తగని తొలి యాంటీబయోటిక్’ అని ఒక వరుస కనపడుతుంది. దాని వెనక ఇలాంటి రోజులుంటాయి.

మూడోది మందుకు లొంగని బ్యాక్టీరియా. మందు ఎంపిక ఎంత తేడా తెస్తుందో 2018లో వచ్చిన ఒక అధ్యయనం చూపించింది. సెఫ్ట్రియాక్సోన్‌కు లొంగని ఈ.కోలై, క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియాలు రక్తంలో ఉన్నవాళ్లకు మెరోపెనెమ్ అనే పెద్ద యాంటీబయోటిక్ ఇస్తే 30 రోజుల్లో 3.7 శాతం చనిపోయారు. ల్యాబ్‌లో పనిచేస్తుందని తేలిన పిపెరాసిలిన్–టాజోబాక్టమ్ అనే మరో మందు ఇచ్చినవాళ్లలో 12.3 శాతం. అలాగని అందరికీ మెరోపెనెమ్ ఇవ్వలేం. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) నిఘా నివేదికలు చూస్తే పెద్దాసుపత్రుల్లో దొరికే క్లెబ్సియెల్లాలో ఇంచుమించు సగం దానికీ లొంగడం మానేసింది. 2019లో ప్రపంచంలో 12.7 లక్షల మరణాలకు మందులకు లొంగకపోవడమే నేరుగా కారణమని అంచనా. మందు ఇష్టారాజ్యంగా వాడితే రేపటివాళ్లకు నష్టం, అట్టిపెట్టుకుంటే ఈరోజు మంచం మీద ఉన్నమనిషికి నష్టం. ఈ రెండిటి మధ్యే డాక్టరు నిర్ణయం తీసుకోవాలి. కల్చర్ రిపోర్టు రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది కాబట్టి ఆ నిర్ణయం చాలాసార్లు అంచనా మీదే.

గంటకు ఎంత తేడా: ఇంకా తెగని వాదం

‘యాంటీబయోటిక్ ఇవ్వడంలో ప్రతి గంట ఆలస్యానికీ బతికే అవకాశం 7.6 శాతం తగ్గుతుంది’ అన్న మాట చాలా చోట్ల కనపడుతుంది. ఇది 2006లో వచ్చిన అధ్యయనంలోది. అందులో ఉన్నవాళ్లంతా షాక్‌లోకి వెళ్లి, బీపీ పడిపోయినవాళ్లు. బీపీ పడిన తొలి ఆరు గంటలకు సంబంధించిన సగటు అది. ఈ సందర్భం వదిలేసి ఆ అంకెను ప్రతి జ్వరానికీ అంటగట్టడం సరికాదు.

రెండోవైపు, 2018లో నెదర్లాండ్స్‌లో అంబులెన్స్‌లోనే యాంటీబయోటిక్ ఇచ్చి చూశారు. మన 108 బండిలో ఇంజెక్షన్ ఇచ్చినట్టు అనుకోండి. 2,698 మందిలో జరిగిన ఆ అధ్యయనంలో 28 రోజుల మరణాలు రెండు జట్లలోనూ 8 శాతమే. అందులో షాక్‌లో ఉన్నవాళ్లు చాలా తక్కువ.

రెండూ నిజమే కావచ్చు. షాక్‌లో ఉన్నవాళ్లకు ప్రతి గంటకూ విలువ ఉంది. లేనివాళ్లకు, ఇది అసలు బ్యాక్టీరియాయేనా అని తేల్చుకోవడానికి కాస్త టైము ఉంది. అమెరికాలోని అంటువ్యాధుల నిపుణుల సంఘం సెప్సిస్ వైద్యానికి 2016లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలను సమర్థించకపోవడానికి ఈ తేడా చెరిగిపోవడం ఒక కారణం. మన దగ్గర చెప్పాలంటే, తొందరలో వైరస్ జబ్బు అయిన డెంగీ పేషెంట్లకు కూడా పెద్ద యాంటీబయోటిక్‌లు పడతాయన్న భయం లాంటిదే వాళ్లది. 2021 మార్గదర్శకాలు ఈ వాదాన్ని కొంత పట్టించుకుని షాక్ ఉంటే గంటలోపు, షాక్ లేక అనుమానం మాత్రమే ఉంటే త్వరగా పరీక్షలు చేసి మూడు గంటలలోపు అని విడదీశాయి.

సెలైన్ విషయమూ ఇంతే. కిలోకు 30 మిల్లీలీటర్లన్నది మార్గదర్శకాల్లోని లెక్క. 60 కిలోల మనిషికి 1,800 మిల్లీలీటర్లు, దాదాపు నాలుగు సీసాలు. కానీ జాంబియాలో జరిగి 2017లో వచ్చిన అధ్యయనంలో వెంటవెంటనే ఎక్కువ సెలైన్ ఎక్కించే పద్ధతి పాటించిన జట్టులో 48.1 శాతం, మామూలు వైద్యం పొందినవాళ్లలో 33 శాతం చనిపోయారు. అక్కడి పేషెంట్లలో ఎక్కువమందికి హెచ్‌ఐవీ ఉంది, వెంటిలేటర్లు దాదాపు లేవు. ఊపిరితిత్తుల్లో నీరు చేరితే ఆదుకునే వసతి లేనిచోట అదే సెలైన్ హాని చేయొచ్చని చాలామంది దీన్ని అర్థం చేసుకున్నారు. పెద్ద నగరపు ఐసీయూకీ, ఏజెన్సీలోని చిన్న ఆసుపత్రికీ ఒకే లెక్క పనికిరాకపోవచ్చన్నమాట.

‘మంచి మందు ఇచ్చినవాళ్లే ఎక్కువ చనిపోయారు’: అంకెలు చేసే మోసం

ఇది జాగ్రత్తగా చూడాల్సిన చోటు. లెక్క కోసం ఒక ఊహాజనిత ఆసుపత్రి తీసుకుందాం. 200 మంది పేషెంట్లు. చివరి అస్త్రంగా దాచుకున్న మందు 50 మందికి ఇచ్చారు, 21 మంది పోయారు: 42 శాతం. మిగతా 150 మందిలో 27 మంది పోయారు: 18 శాతం. ఆ మందే చంపుతోందా?

షాక్ ఉన్నవాళ్లనూ లేనివాళ్లనూ విడదీయండి. మందు ఇచ్చిన 50 మందిలో 40 మంది షాక్‌లో ఉన్నారు, వాళ్లలో 20 మంది పోయారు. షాక్ లేని 10 మందిలో ఒకరు. మందు ఇవ్వని 150 మందిలో 30 మంది షాక్‌లో ఉన్నారు, వాళ్లలో 15 మంది పోయారు. షాక్ లేని 120 మందిలో 12 మంది. అంటే మందు ఇచ్చినా ఇవ్వకపోయినా షాక్‌లో సగం మంది, షాక్ లేకపోతే పదో వంతు. మందు వల్ల తేడా ఏమీ లేదు. జబ్బు బాగా ముదిరినవాళ్లకే ఆ మందు ఎక్కువగా ఇచ్చారు, అంతే. వెంటిలేటర్ కూడా చాలావరకూ ఇలాగే జాబితాలోకి వస్తుంది. “వెంటిలేటర్ పెడితే ఇక తిరిగిరారు” అనే మాట మన ఇళ్లలో పాతుకుపోవడానికి సగం కారణం ఈ లెక్కే. అలాగని అన్ని పైపులకూ ఇది వర్తించదు. యూరిన్ పైపు, పెద్ద రక్తనాళంలోకి పెట్టే సెంట్రల్ లైన్ రోజులు గడిచేకొద్దీ నిజంగానే కొత్త ఇన్ఫెక్షన్‌కు దారి ఇస్తాయి.

ఇంకో చిక్కు ‘రెట్లు’ అనే మాటతో. రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ తక్కువున్న 100 మందిలో 40 మంది, సరిగ్గా ఉన్న 100 మందిలో 20 మంది పోయారనుకోండి. రిస్క్ రెండింతలు. కానీ పరిశోధన పత్రాల్లో ఎక్కువగా ఆడ్స్ రేషియో అనే మరో కొలత వాడతారు. పోయినవాళ్లను బతికినవాళ్లతో భాగిస్తే మొదటి జట్టుకు 40/60, రెండోదానికి 20/80. ఈ రెండింటి నిష్పత్తి 2.67. వార్తలోకి వచ్చేసరికి అది ‘చనిపోయే ప్రమాదం 2.67 రెట్లు’ అయిపోతుంది. ఆల్బుమిన్ తక్కువున్నవాళ్లలోనూ 60 మంది బతికారన్న సంగతి ఆ వార్తలో ఉండదు.

28వ రోజు తర్వాత

చాలా అధ్యయనాలు 28 లేదా 30 రోజుల దగ్గర లెక్క ఆపేస్తాయి. 2018లో వెలువడిన ఒక సమీక్ష ప్రకారం సెప్సిస్ నుంచి బతికి ఇంటికి వచ్చినవాళ్లలో సగం మంది కోలుకుంటారు, మూడో వంతు మంది ఏడాది లోపే చనిపోతారు, ఆరో వంతు మందికి తీవ్రమైన ఇబ్బందులు మిగిలిపోతాయి. కండ కరిగిపోవడం, మతిమరుపు, మళ్లీ ఇన్ఫెక్షన్ రావడం వీటిలో ముఖ్యమైనవి. ఇంటికొచ్చాక ఏర్పడే ముప్పు మీద కుటుంబాలకు ఎవరూ పెద్దగా చెప్పరు. డిశ్చార్జ్ కాగితంలో మందుల పట్టిక ఉంటుంది, ఇది ఉండదు.

మా పెద్దమ్మ డిశ్చార్జ్ కాగితం మీద పరిస్థితి ‘స్టేబుల్’ అని రాశారు. చేరిన దగ్గర్నుంచి 28వ రోజున ఎవరైనా లెక్క తీసుంటే ఆవిడ బతికినవాళ్ల గడిలో ఉండేది. ఆ రోజు మంచం మీంచి లేచి బాత్రూమ్ దాకా వెళ్లడానికి ఇద్దరం చెరో వైపు పట్టుకున్నాం. మధ్యలో రెండుసార్లు కుర్చీలో కూర్చుంది.